తెల్లారేదాకా కదలని అభిమాని

పిట్లం ఊరు ఉన్న పాత నిజామాబాద్ జిల్లా చిందు యక్షగానానికి పుట్టిల్లు లాంటిది. పేరున్న చిందు కళాకారిణి చిందుల ఎల్లమ్మ ఆడిన గడ్డ ఇది. ఎండాకాలం రాత్రి ఊరి నడుమ ఆరుబయట ఆట కట్టారంటే, ముందువరసలో చాప పరుచుకుని తెల్లారేదాకా లేవని పాత అభిమాని మెచ్చుకోదగ్గ మనిషి. చిందువాళ్లు ఆడే, తెలిసిన జాంబపురాణం కథే కదా, ఎన్నిసార్లు చూస్తాడని వెక్కిరిస్తారు. కథ కోసమైతే ఒక్కసారి చాలు. అతను చూసేది కర్ర కిరీటం, భుజకీర్తులు మోస్తూ అరవై దాటిన కాళ్లు తాళం తప్పకుండా వేసే అడుగును. గొంతులు తగ్గాయన్న ఫిర్యాదు నిజమే. కానీ తగ్గిన గొంతుతో పద్యం ఎక్కడ విరవాలో, ఎక్కడ వంతపాటకు వదలాలో తెలియడమే పాతకాపుల పనితనం, దాన్ని పసిగట్టేది ఇలాంటి చెవులే. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ ఇచ్చారు, మంచిదే. ఢిల్లీ బిరుదు ఒకసారి వస్తుంది, ఈ చాప మీది పెద్దమనిషి మాత్రం ఆడిన ప్రతిసారీ లెక్క అడుగుతాడు.