ఒకే ప్రశ్న వేసిన పరీక్ష

ఫాల్సిపారం మలేరియా ఏడాది పొడవునా ఉండే ప్రాంతాల్లో పుట్టి పెరిగినవాళ్లకు చిన్నతనం దాటేసరికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. అక్కడ జబ్బు ముదిరి చనిపోయేది ఎక్కువగా పసిపిల్లలే. వ్యాప్తి తక్కువగా ఉన్న చోట ఆ శక్తి పెద్దవాళ్లకూ అంతంతమాత్రమే. నిన్నటిదాకా చేలో పనిచేసుకున్న మనిషి కామెర్లతో, మూత్రం ఆగిపోయి, స్పృహ తప్పి ఆసుపత్రికి వస్తాడు. మైదానం నుంచి మన్యానికి వెళ్లినవాళ్లకు జ్వరం విషమించడానికీ కారణం ఇదే. ఇలాంటి రోగికి ఏ మందు ఎక్కించాలో ఆసియాలో తేల్చిన పరీక్ష సీక్వామాట్. 2005 ఆగస్టులో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన ఆ నివేదిక ఫలితం అందరికీ తెలిసిందే. పరీక్షను రూపొందించిన తీరు కూడా అంతే చూడదగ్గది.

పోటీ రెండు మందుల మధ్య. సింకోనా బెరడు నుంచి 1820లో వేరుచేసిన క్వినైన్ అప్పటికి తిరుగులేని మందు. కానీ దాన్ని గంటల తరబడి డ్రిప్‌లో ఎక్కించాలి, రక్తంలో చక్కెర పడిపోకుండా కనిపెట్టుకుని ఉండాలి. రెండోది ఆర్టిసునేట్. చైనాలో తూ యూయూ బృందం 1970లలో వెలికితీసిన ఆర్టిమిసినిన్‌ దీనికి మూలం. నరానికి కొన్ని నిమిషాల్లో ఇచ్చేయవచ్చు. అంతకుముందు జరిగిన చిన్న పరీక్షలు దీనివైపు మొగ్గు చూపాయి గాని, చావుల్లో తేడాను గట్టిగా చెప్పలేకపోయాయి.

అందుకే ఇక్కడ వేసుకున్న ప్రధాన ప్రశ్న ఒక్కటే: రోగి బతికాడా, లేదా? బంగ్లాదేశ్, మయన్మార్, భారత్, ఇండోనేషియాల్లోని ఆసుపత్రులను కలిపారు. మన దేశం నుంచి రూర్కెలాలోని ఇస్పాత్ జనరల్ ఆసుపత్రి పాల్గొంది. చేర్చుకునే షరతులు రెండే. గోవాలో తయారైన రక్తపరీక్ష పట్టీ ఫాల్సిపారం ఉందని చూపాలి, వార్డు డాక్టరు జబ్బు తీవ్రంగా ఉందని భావించాలి. ల్యాబ్ రిపోర్టులన్నీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఎవరికి ఏ మందు వెళ్తోందో దాచలేదు. దాచాలంటే ఆర్టిసునేట్ పడినవాళ్లకు కూడా ఉత్తుత్తి డ్రిప్ పెట్టాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదమున్న రోగికి అది మంచిది కాదు. పైగా కొలిచేది మరణం కాబట్టి, మందు పేరు తెలిసినంత మాత్రాన ఆ లెక్క మారదు.

1,461 మంది చేరేసరికే తేడా స్పష్టమై, పరీక్షను పర్యవేక్షించే భద్రతా సంఘం సూచనతో చేర్చుకోవడం ఆపేశారు. క్వినైన్ ఇచ్చిన 731 మందిలో 164 మంది చనిపోయారు. ఆర్టిసునేట్ ఇచ్చిన 730 మందిలో 107 మంది. అంటే సుమారు 13 మందికి మందు మారిస్తే ఒక ప్రాణం అదనంగా దక్కినట్టు. చక్కెర పడిపోవడం క్వినైన్ వైపు మూడు రెట్లకు పైగా ఎక్కువ.

ఈ తేడాకు కారణం పరాన్నజీవి బతుకులోనే ఉంది. ముదిరిన పరాన్నజీవులున్న ఎర్రకణాలు మెదడు, మూత్రపిండాల సన్నని రక్తనాళాలకు అతుక్కుపోతాయి. క్వినైన్ ప్రధానంగా అలా ముదిరిన దశ మీద పనిచేస్తుంది. ఆర్టిసునేట్ అతుక్కోకముందే, ఇంకా రక్తంలో తిరుగుతున్న లేత దశలోనే చంపుతుంది. రక్తంలో పరాన్నజీవులు మరీ ఎక్కువగా ఉన్నవాళ్లకే ఎక్కువ మేలు జరగడం ఇందుకు సరిపోతుంది.

ఈ పరీక్షలో పిల్లలు 202 మందే. ఆఫ్రికా పసిపిల్లల జబ్బు తీరు వేరు. కాబట్టి 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్టిసునేట్‌ను మొదటి ఎంపికగా చెప్పింది వ్యాప్తి తక్కువగా ఉన్న ప్రాంతాలకే. ఆ తర్వాత తొమ్మిది ఆఫ్రికా దేశాల్లో 5,425 మంది పిల్లలతో ఆక్వామాట్ అనే పరీక్ష జరిగింది. 2010లో వచ్చిన దాని ఫలితంలో మరణాలు 10.9 శాతం నుంచి 8.5 శాతానికి తగ్గాయి. అప్పుడే ఆ సిఫార్సు ఆఫ్రికా పిల్లలకూ చేరింది. అంత పెద్ద విజయం చేతిలో ఉన్నా, పరీక్షించని రోగుల గురించి తీర్పు చెప్పకుండా మళ్లీ పరీక్షకే వెళ్లారు. మొదటి పరీక్ష మీద నమ్మకాన్ని ఆ నిగ్రహమే రెట్టింపు చేస్తుంది.