చెవి లేకుండానే పడే తాళం

తాళం వేయడమనేది చాలాకాలం పాటు ధ్యాస పెట్టి చేయవలసిన పనిగానే ఉండేది. తలుపు దగ్గరకు లాగి, గొళ్ళెం పెట్టి, తాళంకప్ప తగిలించి, చెవి తిప్పి, ఆ చెవిని కొంగున ముడివేసుకునేదాకానో మొలలో దోపుకునేదాకానో ఆ పని ముగిసినట్టు కాదు. చెవి తిప్పితే తప్ప పడని ఆ పాత తాళానికి ఎవరూ ప్రత్యేకంగా గమనించని ఒక సుగుణం ఉండేది: చెవిని లోపల వదిలేసి బయట తాళం వేయడం దానితో సాధ్యమయ్యేది కాదు. నొక్కగానే పడిపోయే కప్పలు వచ్చాక ఆ సుగుణం సగం పోయింది; మోటారు వాహనాల్లో అది దాదాపు పూర్తిగా పోయింది. ఒక్క మీట నొక్కగానే అన్ని తలుపులకూ ఒకేసారి తాళం పడే ఏర్పాటును సెంట్రల్ లాకింగ్ అంటారు. దానికి దూరం నుంచి రేడియో సంకేతం పంపే చిన్న పరికరమే రిమోట్ కీ. ఈ రెండూ కలిసి, మనిషి తెలిసి చేసే పనిని యంత్రం తనంతట తాను చేసుకుపోయే పనిగా మార్చేశాయి. బిడ్డ లోపల, కన్నవారు బయట, తాళంచెవి సీటు మీద ఉండిపోయే దుస్థితికి మూలాన్ని ఈ మార్పులో వెతకాలి గాని తల్లిదండ్రుల ప్రేమలో వెతకకూడదన్నది ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం.

అది జరిగే తీరును వరుసగా చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. రెండేళ్ళ బిడ్డను వెనుక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాలంటే రెండు చేతులూ కావాలి కనుక, అప్పటిదాకా చేతిలో ఉన్న తాళంచెవి ముందు సీటు మీదకో సామాన్ల సంచిలోకో పోతుంది, లేదా ఏడుపు మాన్పడానికి బిడ్డ చేతికే ఆటవస్తువుగా చేరుతుంది. వెనుక తలుపు మూసి, బండిని చుట్టి, డ్రైవరు వైపు తలుపు దగ్గరకు చేరడానికి పట్టే ఆ నాలుగైదు అడుగుల వ్యవధిలో పసివేలు మీట మీద పడితే చాలు. బిడ్డ ప్రమేయమే లేకుండా కూడా ఇది జరగవచ్చు. రిమోట్‌తో తాళం తీసిన తర్వాత ఏ తలుపూ తెరవకపోతే అర నిమిషం అటూ ఇటూగా యంత్రమే మళ్ళీ తాళం వేసుకునే ఏర్పాటు చాలా మోడళ్ళలో ఉంటుంది. దొంగల భయంతో పెట్టిన ఈ సదుపాయాన్ని ఆటో రీలాక్ అంటారు. చెవి లోపలే ఉన్నట్టు కనిపెట్టి తాళం పడకుండా అడ్డుకునే కొత్త రకం కార్లు ఉన్నప్పటికీ, లోపలి నుంచి తలుపు మీట నొక్కే పిల్లల వేలిని ఆ రక్షణ ప్రతిసారీ ఆపలేదు.

ఇక్కడ ఒక పేరు వల్ల కలిగే గందరగోళాన్ని తొలగించడం అవసరం. చైల్డ్ లాక్ అని పిలిచేది వేరే ఏర్పాటు. వెనుక తలుపు అంచున ఉండే ఆ చిన్న మీటను మారిస్తే లోపలి నుంచి ఆ తలుపు తెరుచుకోదు, బయటి నుంచి మాత్రం తెరుచుకుంటుంది. నడుస్తున్న బండిలోంచి పిల్లలు పడిపోకుండా కాపాడే ఆ ఏర్పాటే, ఆగి ఉన్న బండిలోకి వాళ్ళంతట వాళ్ళు ఎక్కి తలుపు వేసుకున్నప్పుడు వెనుక సీటును బయటపడే దారిలేని గదిగా మార్చగలదు.

అలా ఎక్కిన పిల్లల కథలు తెలుగు నేలకు కొత్తవి కావు. 2025 ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు, ఆ మరుసటి నెలలోనే విజయనగరం సమీపంలోని ద్వారపూడిలో నలుగురు చిన్నారులు ఆగి ఉన్న కార్లలో చిక్కుకుని చనిపోయారు. ఇటువంటి వార్త రాసే ప్రతిసారీ తెలుగు పత్రికలు, చానళ్ళు వాడే మాట ఒక్కటే: ఊపిరాడక. ఈ మాటను ఇంత అలవాటుగా వాడటం ప్రమాదకరమని చెప్పక తప్పదు, ఎందుకంటే అది అసలు శత్రువును దాచిపెడుతుంది. చిన్న కారు లోపలి చోటు సుమారు మూడు ఘనపు మీటర్లు, అంటే మూడు వేల లీటర్లు అనుకుంటే, అందులో ఆరు వందల లీటర్లకు పైగా ప్రాణవాయువే ఉంటుంది. పదిహేను కిలోల బిడ్డ కదలకుండా కూర్చున్నప్పుడు నిమిషానికి దాదాపు నూరు మిల్లీలీటర్ల ప్రాణవాయువును వాడుకుంటుంది, అంటే గంటకు ఆరు లీటర్లు; ఏడుపుతో అది రెట్టింపైనా, మూడింతలైనా ఒక గంటలో గాలి అయిపోయే ప్రశ్నే లేదు. పైగా కారు గాలి చొరని డబ్బా కాదు. ముందుగా ప్రాణం మీదికి వచ్చేది వేడి.

ఎండలోని వెలుగు అద్దాల గుండా సులువుగా లోపలికి వచ్చి, నల్లటి డాష్‌బోర్డునూ సీట్లనూ కాలుస్తుంది. అవి తిరిగి వెలువరించే పరారుణ కిరణాలను, అంటే కంటికి కనబడని ఉష్ణకిరణాలను, అద్దం బయటకు పోనివ్వదు, వేడెక్కిన గాలి పైకి లేచి పోదామంటే దారి ఉండదు. అమెరికాలో మెక్‌లారెన్, నల్, క్విన్ అనే ముగ్గురు పరిశోధకులు 22 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ మధ్య వాతావరణంలో కారును నిలిపి కొలిచి, 2005లో పీడియాట్రిక్స్ అనే వైద్యపత్రికలో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీలు పెరిగింది, ఆ పెరుగుదలలో నూటికి ఎనభై వంతులు మొదటి అరగంటలోనే జరిగిపోయింది. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అద్దాలు పూర్తిగా మూసినప్పుడు ప్రతి అయిదు నిమిషాలకు పెరిగిన వేడి దాదాపు 1.9 డిగ్రీలైతే, కాస్త దించి ఉంచినప్పుడు అది 1.7 డిగ్రీలు. మరణాన్ని ఊపిరాడకపోవడంగానే అర్థం చేసుకున్న సమాజం సహజంగానే రెండు వేళ్ళ సందు వదిలి, గాలి ఆడుతోందిలే అని ధైర్యపడుతుంది. ఆ ధైర్యానికి విలువ ఒక డిగ్రీలో అయిదో వంతు మాత్రమే. చిన్నపిల్లల శరీరం పెద్దల శరీరం కంటే మూడు నుంచి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుందనీ, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి తెలివి తప్పే స్థితినే వడదెబ్బ అంటారనీ కలిపి ఆలోచిస్తే, విజయవాడ వైశాఖ మాసపు మధ్యాహ్నంలో ఎంత వ్యవధి మిగులుతుందో ఊహించడం కష్టం కాదు.

ఆ వ్యవధి సాధారణంగా దేనికి ఖర్చవుతుందంటే, రెండో తాళంచెవి కోసం ఇంటికి మనిషిని పంపడానికి, తెలిసిన మెకానిక్కు ఫోను చేయడానికి, గాజు సందులోంచి స్కేలో తీగో దూర్చి చూడటానికి, చుట్టూ చేరిన పదిమంది తలొక సలహా ఇవ్వడానికి. ఇవేవీ తప్పు కావు. నీడలో నిలిపిన బండిలో బిడ్డ నవ్వుతూ ఆడుకుంటున్నప్పుడు కొద్ది నిమిషాలు ఆగి మరో దారి చూడవచ్చు, ఆ లోపు ఎండ పడే వైపు అద్దాలను దుప్పటితో కప్పి, ఒక అద్దంలోంచి బిడ్డ ముఖం కనిపించేలా చూసుకుంటూ, 112కు ఫోను చేయవచ్చు. ఎండలో ఉన్న బండి సంగతి వేరు. బిడ్డ మొహం ఎర్రబడినా, ఏడుపు ఆపి మగతగా తల వాల్చినా, పలకరింపుకు బదులివ్వకపోయినా ఆ క్షణమే అద్దం పగలాలి. శాంతించిందనుకునే నిశ్శబ్దమే ఇక్కడ అన్నిటికంటే చెడ్డ గుర్తు.

పగలగొట్టడానికీ ఒక తెలివిడి కావాలి. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికించి చేసినది, దాన్ని లామినేటెడ్ గాజు అంటారు. అది బీటలు వారుతుందే గాని దారి ఇవ్వదు. పక్క అద్దాలు చాలా కార్లలో టఫెన్డ్ గాజుతో చేసినవి, అంటే బాగా వేడిచేసి ఒక్కసారిగా గాలితో చల్లార్చడం వల్ల పైపొర బిగుసుకుపోయి, లోపలి పొర లాగిపెట్టినట్టు ఉండే గాజు. అందుకే మధ్యభాగంలో పిడికిలితోనో ఇటుకతోనో కొడితే దెబ్బ వెనక్కి తుళ్ళిపోవచ్చు గాని, అంచుకు దగ్గరగా మూలన గట్టి మొనతో పొడిస్తే బిగువంతా ఒక్కసారిగా సడలి అద్దం మొత్తం మొక్కజొన్న గింజలంత ముక్కలుగా రాలిపోతుంది. షెడ్డులో ఇనుము మీద గుర్తు పెట్టడానికి వాడే సెంటర్ పంచ్ ఇందుకు చక్కగా సరిపోతుంది. బిడ్డకు దూరంగా ఉన్న అద్దాన్నే ఎంచుకోవాలి. పరాయివాడి కారు అద్దం పగలగొడితే కేసవుతుందేమోనని దారినపోయేవారు సందేహించడం సహజమే అయినా, ఒకరి ప్రాణానికి రాబోయే హానిని తప్పించడానికి దురుద్దేశం లేకుండా, సద్భావంతో చేసిన పనిని భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్ నేరంగా పరిగణించదు. బయటకు తీసిన బిడ్డను నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసురుతూ 108ని పిలవాలి. తెలివిలో లేని బిడ్డ నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇటువంటి ఘటన తర్వాత తల్లి మీద పడే నింద బరువు గురించి కూడా చెప్పుకోవాలి. కన్నదానికి ఆ మాత్రం ధ్యాస ఉండదా అన్న ప్రశ్న, తండ్రి చేతిలో తాళంచెవి ఉన్న రోజున కూడా, తల్లినే వెతుక్కుంటూ వస్తుంది. సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జ్ఞాపకశక్తిని అధ్యయనం చేసిన డేవిడ్ డైమండ్, అలవాటుగా చేతులు చేసుకుపోయే పనుల జ్ఞాపకానికీ, ఇకముందు చేయవలసిన పనిని గుర్తుంచుకునే జ్ఞాపకానికీ మెదడులో వేర్వేరు వ్యవస్థలున్నాయనీ, నిద్రలేమీ ఒత్తిడీ ఉన్నప్పుడు మొదటిది రెండోదాన్ని అణచివేస్తుందనీ వివరించాడు. ఆయన మాట్లాడింది బిడ్డను కారులో మరచిపోయిన తల్లిదండ్రుల గురించే అయినా, తాళంచెవిని సీటు మీద పెట్టిన చేతికీ ఆ వివరణ వర్తిస్తుంది. ఈ సంగతిని చట్టంగా అంగీకరించిన దేశమూ ఉంది. ఇటలీ 2019లో నాలుగేళ్ళ లోపు పిల్లల సీటుకు హెచ్చరిక పరికరం తప్పనిసరి చేసింది. అయితే అటువంటి పరికరం కన్నవారు కూర్చోబెట్టిన బిడ్డనే కాపాడగలదు. ద్వారపూడి పిల్లలలా తాళం వేయని బండిలోకి ఆడుకోవడానికి ఎక్కినవారిని గుర్తించాలంటే, లోపలి ఊపిరి కదలికను రాడార్ తరంగాలతో కనిపెట్టే ఏర్పాటు కావాలి. అది ఖరీదైన కార్లకే పరిమితం కాకూడదు.

అంతదాకా మిగిలేవి పాత అలవాట్లే. ఇంటి పెద్దావిడ తాళాలగుత్తిని నడుముకు దోపుకున్నట్టు, బిడ్డను ఎత్తుకునే ముందే కారు చెవిని ఒంటి మీది బట్టలో పెట్టుకోవాలి. స్నానాలగది గడియను పిల్లల చేతికందని ఎత్తున బిగించినట్టు, ఇంటికి వచ్చాక ఆ చెవిని అందని మేకుకు తగిలించాలి, వాకిట్లో ఉన్న బండికీ తాళం వేసి ఉంచాలి. మూడు నాలుగేళ్ళు నిండిన పిల్లలకు ముందు సీట్లోకి పాకి వచ్చి హారన్ ఎలా మోగించాలో నేర్పవచ్చు, ఎందుకంటే చాలా కార్లలో ఇంజను ఆపి ఉన్నా హారన్ మోగుతుంది. ఒక ఆదివారం ఉదయం నీడలో బండి తలుపులు తెరిచి ఉంచి, పక్కనే నిలబడి, ఆ చిన్న అరచేతులకు బలం చాలేదాకా నొక్కించి చూడాలి. మోత విని పక్కింటివారు బయటకు వస్తే, ఎందుకు నేర్పుతున్నదీ వారికీ చెప్పాలి.