బెన్ హోగన్: సాధనకు శాస్త్రం నేర్పిన గోల్ఫర్

బెన్ హోగన్ (1912–1997) అమెరికాకు చెందిన వృత్తి గోల్ఫర్. గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్దవిగా లెక్కించే మేజర్ టోర్నీలను తొమ్మిదిసార్లు గెలిచాడు. పీజీఏ టూర్‌లో అతని విజయాలు మొత్తం 64. గెలుపోటముల లెక్క అలా ఉంచితే, బంతి ఎందుకు దారి తప్పుతుందో కారణం వెతికి, సాధనతో దాన్ని సరిచేసుకునే పద్ధతికి అతను పెట్టింది పేరు.

హోగన్ టెక్సస్ రాష్ట్రంలోని స్టీఫెన్‌విల్‌లో పుట్టాడు. తండ్రి కమ్మరి. 1922లో ఆయన ఆత్మహత్య చేసుకున్నప్పుడు హోగన్‌కు తొమ్మిదేళ్లు. ఇల్లు గడవడానికి పిల్లలు కూడా పనిలోకి దిగాల్సి వచ్చింది. హోగన్ ఫోర్ట్‌వర్త్‌లోని గ్లెన్ గార్డెన్ క్లబ్‌లో ఆటగాళ్ల సంచులు మోసే క్యాడీగా చేరాడు. తర్వాతి కాలంలో అతనికి గట్టి పోటీదారు అయిన బైరన్ నెల్సన్ కూడా అక్కడ క్యాడీయే.

పద్దెనిమిదేళ్లు నిండకుండానే, 1930లో హోగన్ వృత్తి ఆటగాడయ్యాడు. తర్వాతి పదేళ్లలో ఒంటరిగా ఒక్క టోర్నీ కూడా గెలవలేకపోయాడు. చేతిలో డబ్బు అయిపోయి టూర్ వదిలి ఇంటికి చేరిన సందర్భాలూ ఉన్నాయి. చివరికి 1940 మార్చిలో పైన్‌హర్స్ట్‌లో నార్త్ అండ్ సౌత్ ఓపెన్ గెలిచాడు. ఆ వెంటనే మరో రెండు టోర్నీలు అతని ఖాతాలో చేరాయి.

అన్నాళ్లూ అతన్ని వెనక్కి లాగింది హుక్ అనే దోషం. కుడిచేతి ఆటగాడు కొట్టిన బంతి గాలిలో ఉన్నట్టుండి ఎడమకు వంగిపోవడాన్ని హుక్ అంటారు. అలాంటి బంతి కిందుగా వెళ్లి, నేల తాకాక కూడా చాలా దూరం దొర్లిపోతుంది. బంతిని తాకే క్షణానికి క్లబ్ (బంతిని కొట్టే కర్ర) ముఖం, క్లబ్ కదిలే దిశకన్నా ఎడమకు తిరిగి ఉండటమే దీనికి కారణం. అందుకే ఎంత బలంగా కొడితే నష్టం అంత ఎక్కువ.

విరుగుడును హోగన్ పట్టులోనే వెతికాడు. క్లబ్ పట్టుకునే ఎడమ చేతిని కొద్దిగా ఎడమకు తిప్పి, బొటనవేలు పిడి పైభాగానికి దగ్గరగా వచ్చేలా చేశాడు. క్లబ్‌ను పైకెత్తినప్పుడు ఎడమ మణికట్టును వెనక్కి కొంచెం వంచేవాడు. దీంతో క్లబ్ ముఖం తెరుచుకుని ఉండేది. కిందికి వచ్చేటప్పుడు ఎంత వేగం పెట్టినా అవసరానికి మించి మూసుకునేది కాదు. బంతి చివర్లో కొద్దిగా కుడికి వాలి, హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి నేల, అంటే గ్రీన్ మీద మెత్తగా దిగేది. ఫేడ్ అనే ఈ షాట్ అతని ముద్రగా మిగిలింది.

అతని స్వింగ్‌లో మరో రెండు ముఖ్య సూత్రాలున్నాయి. మొదటిది తలం. బంతి నుంచి భుజాల మీదికి వాలుగా ఒక గాజు పలకను ఆనించినట్టు ఊహించుకోవాలి. క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు చేతులు ఆ పలకను పగలగొట్టి పైకి రాకూడదు. రెండోది వరుస. క్లబ్‌ను కిందికి తేవడం చేతులతో కాక నడుము తిప్పడంతో మొదలవ్వాలి. నడుము ఎడమకు తిరిగితే భుజాలు, వాటి వెంట చేతులు, చివరికి క్లబ్ వస్తాయి. వేగం ఒక్కో మెట్టులో పెరుగుతుంది. చేతులు తొందరపడితే ఈ గొలుసు తెగిపోతుంది.

ఇదంతా ఒంటికి పట్టడానికి గంటల తరబడి సాధన కావాలి. ఆ రోజుల్లో ఆటకు ముందు కాసేపు ఒళ్లు వేడెక్కేలా బంతులు కొట్టడమే చాలామందికి అలవాటు. హోగన్ మాత్రం ఒక్కో క్లబ్‌తో పదేపదే కొడుతూ, ఏ క్లబ్‌తో ఎంత దూరం వెళుతుందో కచ్చితంగా తేల్చుకునేవాడు.

1949 ఫిబ్రవరి 2న టెక్సస్‌లోని వాన్‌హార్న్ సమీపంలో, పొగమంచులో ఒక బస్సు అతని కారును ఢీకొంది. పక్కనున్న భార్య వాలెరీని కాపాడేందుకు హోగన్ ఆమెకు అడ్డంగా పడ్డాడు. కటి ఎముక, కాలర్ ఎముక, ఎడమ చీలమండ విరిగాయి. రక్తపు గడ్డలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లకుండా వైద్యులు పెద్ద సిరను కట్టేశారు. దాంతో కాళ్లలో రక్తప్రసరణ ఇబ్బంది జీవితాంతం ఉండిపోయింది.

పదహారు నెలలకు, 1950 జూన్‌లో, మెరియన్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో ఆడాడు. చివరి రోజు 36 హోల్స్ ఆడాలి. కాళ్లకు కట్లతో నడుస్తూ ఆఖరి హోల్‌లో వన్ ఐరన్ అనే క్లబ్‌తో బంతిని గ్రీన్ మీదికి చేర్చాడు. స్కోర్లు సమం కావడంతో మర్నాడు ప్లేఆఫ్ జరిగింది. హోగన్ 69, లాయిడ్ మాంగ్రమ్ 73, జార్జ్ ఫాజియో 75 స్ట్రోకులు ఆడటంతో హోగన్ గెలిచాడు.

1953లో ఆరు టోర్నీలు ఆడి ఐదు గెలిచాడు. వాటిలో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడూ ఉన్నాయి. బ్రిటిష్ ఓపెన్‌లో అతను ఆడింది ఆ ఒక్కసారే. స్కాట్లాండ్‌లోని కార్నూస్టీకి ముందే చేరి, అక్కడ వాడే చిన్న బంతికి, గట్టి నేలకు అలవాటుపడ్డాడు. నాలుగు రౌండ్లలో 73, 71, 70, 68తో నాలుగు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. తేదీలు కలవడంతో ఆ ఏడాది పీజీఏ చాంపియన్‌షిప్ ఆడలేకపోయాడు.

అదే ఏడాది తన పేరుతో గోల్ఫ్ క్లబ్బుల తయారీ సంస్థను స్థాపించాడు. 1957లో రచయిత హెర్బర్ట్ వారెన్ విండ్‌తో కలిసి 'ఫైవ్ లెసన్స్' అనే పుస్తకం వెలువరించాడు. ఆంథొనీ రావియెల్లి బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకాన్ని శిక్షకులు ఇప్పటికీ వాడుతున్నారు.

ఆ పాఠాలకు ఒక పరిమితి ఉంది. హోగన్ పట్టు హుక్‌కు విరుగుడు. కొత్తగా నేర్చుకునేవారిలో చాలామందికి బంతి కుడికే పోతుంది. అలాంటివారు అదే పట్టు పడితే దోషం ఇంకా పెరుగుతుంది. కాబట్టి శిక్షకులు ముందుగా బంతి ఏ వైపు వంగుతోందో గమనించి, ఆ తర్వాతే పట్టు మారుస్తారు. తన విషయంలో హోగన్ చేసింది కూడా అదే.