తొహాకు తెరచిత్రములయందలి పక్షులు

మడతతెరకు జపానువారు ‘బ్యోబు’ అని పేరిడిరి. గాలి నడ్డగించునది యని దాని యర్థము. పూర్వము దాని ఫలకములు వేఱువేఱు అంచులు గలవై త్రాళ్లతోఁ గూర్పఁబడుచుండెను. చెట్టు తన ఫలకమును దాఁటి కొమ్మ చాఁచుటకుఁ దావు లేకుండెను. 14వ శతాబ్దినాఁటికిఁ గాగితపుఁగీళ్లు వాడుకకు రాఁగా ఫలకములన్నియు నొక్క క్షేత్రమయ్యెను. తెర వంపులువంపులుగా నిలుచుటచే నొకకొమ్మ చూపఱ యెదుటికి వచ్చును, వేఱొకటి వెనుకకుఁ దగ్గును. అచ్చులోఁ జదునుగాఁ బఱచిన ప్రతికృతిని మాత్రము చూచి యీ చిత్రములఁ దీర్పరించుట శ్లోకమునకుఁ బదచ్ఛేదము చేసి యన్వయము మానుటవంటిది.

ఇట్టి తెరలయందుఁ బక్షిని చెట్టునకు భూషణమనుట విమర్శకులకుఁ బరిపాటి. హసెగావా తొహాకు (1539–1610) సిరాతో వ్రాసిన రెండు జంటతెరలను బరిశీలించిన నా మాట నిలువదు. రెండును ఆఱేసి ఫలకములవి.

ఇదెమిత్సు కళాశాలకుఁ జెందినదానిలోఁ గుడివైపున సరళవృక్షముపైఁ గాకులు, గూటిలోఁ బిల్లలు. ఎడమవైపున విల్లో వృక్షము, తెల్లకొంగలు. చీనా చిత్రకారు లిట్టిచోట గోరువంకజాతి నల్లపక్షిని వ్రాయుదురు. తొహాకు దానిని మాని, ప్రతిదినమును గంటఁబడు కాకినే గైకొనెను. మన కవులలోఁ గాకి కోకిలకు ఎదురుపోలికగాఁ దక్క మన్నన కెక్కుట యరుదు. ఇచ్చటనో సంసారియై యున్నది. చెట్టు అధికరణము, కాకి కర్త. పిల్లలఁ గాచుట క్రియ. కాకిని దీసివేసినచో మిగులునది పదమే కాని వాక్యము గాదు.

ఈ తెరపైఁ దొహాకు ముద్రను జెఱిపి యెవరో పూర్వుఁడగు సెష్షూ పేరు వ్రాసిరి. తాను సెష్షూకు ఐదవతరమువాఁడనని తొహాకే చెప్పుకొనెను గాన, ఆ పేరు పెట్టినవానికిఁ బని సులభమైనది! పేరునుబట్టి మెచ్చువారికి సంతకము చాలును. గూటికడ రసము గ్రహించినవారికి దానితోఁ బనిలేదు.

రెండవది టోక్యో జాతీయ ప్రదర్శనశాలయందలి సరళవృక్షముల తెర. అందుఁ బక్షి లేదు. మంచులోఁ జెట్లు కొన్ని తోఁచియుఁ దోఁపకయు నున్నవి. కాగితపుటతుకులు సమముగా లేమిచే నిది చిత్తుప్రతి యని పెక్కుర యభిప్రాయము. అట్లైనచోఁ బక్షి వ్రాయక మిగిలినదా, వలదని విడువఁబడినదా యను ప్రశ్న పుట్టును. పాణినీయమున లోపమనఁగా నభావము గాదు, కానరామి. ప్రత్యయము లోపించినను దాని కార్యము నిలుచును. ఇచ్చటి పక్షిలోప మట్టిదే. చిత్తుప్రతియే యైనను వాదమునకు హాని లేదు. కొమ్మపై నొక్క కాకిని నిలిపి యూహింపుఁడు: దాని ప్రమాణమునుబట్టి చెట్టెంతయో, చెట్టునుబట్టి మంచెంతదూరమో వెంటనే తెలిసిపోవును.