గొంగడి పట్టి ఉంచే గాలి

చలికాలంలో హైదరాబాద్ కనిష్ఠ ఉష్ణోగ్రతల పట్టికలో రాజేంద్రనగర్ పేరు తరచూ అట్టడుగున ఉంటుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాలు, హిమాయత్‌సాగర్ వైపు బయళ్లు ఉన్న చోటది. పగటి వేడిని దాచుకునే కాంక్రీటు నగరం నడిబొడ్డుతో పోలిస్తే తక్కువ. మబ్బులేని రాత్రి నేల వేడంతా ఆకాశానికి పోతుంది. కొన్నేళ్లలో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికీ దిగుతుంది. అలాంటి రాత్రుల్లో పొలంలో మంద పెట్టి, గొర్ల పక్కనే పడుకునే కాపరికి దక్కన్ నేల ఇచ్చిన ఉన్ని వస్త్రం గొంగడి.

పోలికకు ఒకటి: ఇంగ్లండులో చన్నీటి సముద్రంలో ఈది వచ్చినవాళ్లు ఒడ్డుమీదే పొడవాటి వదులు అంగీలు తొడుక్కుంటారు. డ్రైరోబ్ వాటిలో పేరున్నది. పైన నీరు దిగని గుడ్డ, లోపల దట్టమైన నూగు, చేతులు లోపలికి లాక్కుని బట్టలు మార్చుకునేంత వదులు. మంచి పనితనమే. కానీ ఆ రెండు పొరలు పంచుకున్న పనిలో చాలా భాగాన్ని గొంగడి ఒక్క పొరతో, జిప్పు, గుండీ, చేతులు ఏవీ లేకుండా చేస్తుంది. అందుకే నాకు దాని మీద అంత గౌరవం.

వెచ్చదనం ఉన్నిలో పుట్టదు, ఒంట్లో పుడుతుంది. దాన్ని బయటికి పోనీయకుండా ఆపేది కదలని గాలి. ఉన్ని పోగుకంటే నిశ్చలంగా ఉన్న గాలి వేడిని ఎన్నో రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. కాబట్టి మంచి చలివస్త్రం పని గాలిని చిన్న చిన్న అరల్లో కట్టిపడేయడమే. దక్కనీ గొర్రె బొచ్చు ముతక, ఎక్కువగా నలుపు. మెత్తటి శాలువాలు నేసేవాళ్లు దీన్ని ముట్టుకోరు. ఒంటికి గుచ్చుకుంటుంది, నిజమే. అయితే ఆ ముతకదనమే దాని బలం: బిరుసు పోగు బరువుకు అణిగినా మళ్లీ లేస్తుంది, గాలి అరలు మూసుకుపోవు. సగం కింద పరిచి సగం పైన కప్పుకుని నేల మీద పడుకునేవాడికి ఇంతకంటే కావలసిన గుణం ఏముంది?

తడిలో దీని తీరు ఇంకా గొప్పది. ఉన్ని పోగు పైపొర నీటిచుక్కను జార్చేస్తుంది, లోపలి భాగం మాత్రం ఆవిరిని పీల్చుకుంటుంది. తన బరువులో దాదాపు మూడోవంతు తేమ పట్టినా చేతికి తడిగా తోచదు. పైగా తేమను పీల్చేటప్పుడు కొంచెం వేడిని విడుదల చేస్తుంది. ముసురులో మేకలు, గొర్లు కాసేవాళ్లు గొంగడిని నమ్ముకున్నది ఇందుకే. జడివానలో అది నానుతుంది, బరువెక్కుతుంది. అయినా నూలుగుడ్డలా ఒంటికి అతుక్కుని చలి పుట్టించదు.

ఈ గుణాలను వస్త్రంగా మార్చింది గొర్లు కాసే కురుమల ఇళ్లలోని పని. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. ఏకి, శుభ్రం చేశాక ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. పడుగు పోగులకు చింతగింజల గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టి, గుంటమగ్గం మీద నేస్తారు. గంజి పట్టకపోతే మగ్గం రాపిడికి ఆ ముతక దారం పీచులు లేచి తెగుతుంది. కొత్త గొంగడి బిరుసుగా ఉండడానికి ఈ గంజీ కొంత కారణం. వాడేకొద్దీ అది లొంగుతుంది. రంగు అద్దే పని లేదు, గొర్రె నలుపే దాని నలుపు.

ఇక కప్పుకునే తీరు. ఒక అంచును మడిచి తల మీద కొప్పెర వేస్తారు, మిగతాది భుజాల మీదుగా మోకాళ్ల దాకా వదులుగా దిగుతుంది. వేడెక్కిన గాలి పైకి పోవాలని చూస్తుంది, పైన కొప్పెర మూసే ఉంటుంది. కత్తెర, సూది లేకుండా ఒక దీర్ఘచతురస్రాకారపు గుడ్డతో సాధించిన ఈ ఏర్పాటు నాకు ఏ కుట్టుపనికీ తీసిపోనిదిగా కనిపిస్తుంది. ప్రజాగాయకుడు గద్దర్ గొంగడిని భుజాన వేసుకుని వేదికలెక్కాడు గనుక చాలామందికి అది పాటల గుర్తు. కాపరికి మాత్రం అది రాత్రి గడిచే దారి.

ఇప్పుడు కొరత మగ్గాలది మాత్రమే కాదు, దక్కనీ గొర్లది కూడా. మాంసం గిరాకీ పెరిగాక ఉన్ని లేని నెల్లూరు జాతి వంటివి మందల్లోకి వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో 75 శాతం రాయితీతో గొర్రెల పంపిణీ మొదలుపెట్టి, బయటి రాష్ట్రాల నుంచి జీవాలను తెప్పించింది. కాపరి ఆదాయానికి అది అవసరమే కావచ్చు. అయితే రాష్ట్ర పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నది రాజేంద్రనగర్‌లోనే. దక్కనీ గొర్రెను మాంసం తూకంతో పాటు బొచ్చు లెక్కలోనూ చూడమని అడగడానికి ఇంతకంటే దగ్గరి చిరునామా లేదు.