ముట్టుకోవద్దన్న సీను

టీవీకి కథలు రాసేవాడిగా నేను పదేపదే చూసిన సిరీస్ హెచ్‌బీవో వారి ‘చెర్నోబిల్’. 2019లో వచ్చింది, రచన క్రెయిగ్ మేజిన్. కంటికి కనపడని, వాసన లేని విషాన్ని తెర మీద చూపించేదెలా? ఆ చిక్కుముడిని వాళ్లు మనిషి ఒంటితోనే విప్పారు.

1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టరు పేలినప్పుడు మంటలార్పడానికి వెళ్లిన ఫైర్‌మన్ వాసిలీని మాస్కో ఆరో నంబరు ఆసుపత్రిలో చేరుస్తారు. మూడో భాగంలో భార్య లుద్మిలా వెతుక్కుంటూ వచ్చేసరికి అతను తోటివాళ్లతో పేకాడుతూ నవ్వుతుంటాడు. మనకూ ప్రాణం లేచొస్తుంది. రేడియేషన్ తీవ్రంగా తగిలినవాళ్లకు నిజంగానే అలాంటి తెరిపి రోజులుంటాయి. పైకి తేరుకున్నట్టే కనిపిస్తారు. లోపల ఎముకల మూలుగ చచ్చి, కొత్త రక్తకణాలు పుట్టడం ఆగిపోతుంది. తర్వాత చర్మం ఊడిపోయే దృశ్యాలకన్నా నన్ను ఎక్కువ కుదిపింది ఆ నవ్వే. అది రాసిన చేతికి దండం పెట్టాలి.

అక్కడే నర్సు చేత అతన్ని ముట్టుకోవద్దని చెప్పించారు. ఆ తర్వాత పుట్టిన బిడ్డ నాలుగు గంటలకే పోతే, తల్లికి తగలాల్సిన రేడియేషన్‌ను బిడ్డ పీల్చుకుందని ఒక శాస్త్రవేత్త పాత్ర అంటుంది. స్వెత్లానా అలెక్సియేవిచ్ పుస్తకంలో అసలు లుద్మిలా చెప్పుకున్న మాటే అది. కన్నతల్లి దుఃఖంలో ఆ మాటకు చోటుంది. శాస్త్రవేత్త నోట పెడితే మాత్రం చూసేవాళ్లు శాస్త్రమనే నమ్ముతారు.

ముట్టుకోవద్దన్న మాటా అలాంటిదే. బట్టలు తీసేసి ఒళ్లు కడిగితే ఒంటికి అంటిన రేడియోధార్మిక ధూళి చాలావరకు పోతుంది. సిరీస్‌కు ఇది తెలుసు. రెండో భాగంలో నర్సులు బట్టలు విప్పించి నేలమాళిగలో పడేస్తారు. కడిగాక రోగి వల్ల పక్కవాళ్లకు పెద్ద ముప్పు లేదని, అప్పట్లో మాస్కో వెళ్లి వైద్యం చేసిన అమెరికా డాక్టరు రాబర్ట్ గేల్ సిరీస్ వచ్చాక రాశాడు. మంచం చుట్టూ ప్లాస్టిక్ తెర కట్టేది రోగిని కాపాడటం కోసం. తెల్లకణాలు లేని ఒంటికి మన చేతి మీది మామూలు క్రిమి చాలు.

రోగిని ముట్టుకుంటే ముప్పన్నట్టు చూపడం చిన్న పొరపాటని నేను అనుకోలేను. హిరోషిమా బాధితులను, చెర్నోబిల్ నుంచి ఖాళీ చేయించిన కుటుంబాలను లోకం అంటుజబ్బువాళ్లలా చూసింది. ఎంతమందికో పెళ్లి సంబంధాలు తప్పిపోయాయి. నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన నల్లగొండ పల్లెలకు పిల్లనివ్వడానికి వెనకాడిన రోజులు మనమూ చూశాం.

ఇలాంటి కథ రాయబోయేవాళ్లకు నా మనవి: ఆసుపత్రి సీన్లు షూటింగుకి వెళ్లకముందే ఆ జబ్బు తెలిసిన డాక్టరు చేత చదివించండి. చేతులు కడిగించి, మాస్కు కట్టించి, భార్యను ఆ మంచం పక్కన కూర్చోనివ్వండి.