కథ కంటే ముందు క్రతువు

హాల్లో దీపాలు ఆర్పేశారు. వేదిక మీద ఒక మహిళ ప్రాచీన గ్రీకుల మతం గురించి మాట్లాడుతోంది. ఉన్నట్టుండి వెనకనుంచి, ఎక్కడినుంచో తెలియకుండా, ఎద్దు రంకె లాంటి మోత లేచింది. ఆమె స్నేహితులిద్దరు తాడు చివర కట్టిన చెక్కబద్దలను గాలిలో గిరగిరా తిప్పుతున్నారు. ఇప్పుడు ముక్కలుగా మాత్రమే మిగిలిన ఈస్కిలస్ నాటకం ఒకదానిలో, కంటికి కనబడని చోటునుంచి ఎద్దుల గొంతులు వినిపిస్తాయన్న ప్రస్తావన ఉంది. దాని అర్థం చెప్పే బదులు ఆమె ఆ మోతనే వినిపించింది.

ఆ వక్త పేరు జేన్ ఎలెన్ హారిసన్. 1850లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టింది. 1874 నుంచి 1879 దాకా కేంబ్రిడ్జిలో ఆడపిల్లల కోసం వెలిసిన న్యూన్‌హామ్ కాలేజీలో గ్రీకు, లాటిన్ చదివింది. పరీక్ష రాసింది గానీ పూర్తి పట్టా చేతికి రాలేదు. కేంబ్రిడ్జి మహిళలకు ఆ పట్టా ఇవ్వడం మొదలుపెట్టింది 1948లో; అప్పటికి ఆమె పోయి ఇరవయ్యేళ్లు. లండన్‌లో ఆచార్య పదవికి రెండుసార్లు ప్రయత్నించినా రాలేదు. 1898లో న్యూన్‌హామ్ తిరిగి పిలిచేదాకా, దాదాపు ఇరవయ్యేళ్లు, ఆమె తరగతి గది బ్రిటిష్ మ్యూజియంలోని విగ్రహాల మధ్యా, ఊరూరా అద్దె హాళ్లలో, బడుల్లో సాగింది. ఏథెన్స్ సమాధి ఫలకాల మీద గ్లాస్గోలో మాట్లాడితే 1,600 మంది వచ్చారు. సమాధిరాళ్ల మీద ఉపన్యాసానికి అంత జనం!

మగపిల్లల బడులకూ వెళ్లేది. వించెస్టర్‌లో ఒక బుడతడిని మాస్టారు ఉపన్యాసం నచ్చిందా అని అడిగితే, ఉపన్యాసం నచ్చలేదు గానీ ఆవిడ నచ్చింది, అందమైన ఆకుపచ్చ పురుగులా ఉంది అన్నాడట. ఆ రోజుల్లో ఆమె నీలాకుపచ్చ తళుకులు కుట్టిన గౌను వేసుకునేది. ఈ ముచ్చటను ఆమే తన జ్ఞాపకాల్లో రాసుకుంది. తన మీద తాను నవ్వుకోగలిగిన పండితులు తక్కువ.

బడిపిల్లలకు చెప్పడమంటే పెద్ద చదువును పలచన చేసి పోయడమని చాలామంది అనుకుంటారు. హారిసన్ విషయంలో నాకు తోచేది అందుకు విరుద్ధం. గ్రీకు భాష రాని శ్రోత ముందు శ్లోకం చదివి తప్పించుకోలేం. మ్యాజిక్ లాంతరు స్లైడు వేసి, ఈ కూజా మీద ఎవరేం చేస్తున్నారో చూడమనాలి. ఏళ్ల తరబడి అలా చూపించగా చూపించగా, ఆమె పరిశోధనా పద్ధతి కూడా అదే అయింది. అంతకుముందు పండితులు గ్రీకు మతమంటే హోమర్ చెప్పిన ఒలింపస్ దేవతల కథలతోనే మొదలుపెట్టేవారు. జనం ఏం చేశారన్నది ముందు చూడాలి, ఎందుకు చేశామని వాళ్లు చెప్పుకున్న కథ తర్వాత అన్నది హారిసన్ వాదం. 1903లో వచ్చిన ఆమె పెద్ద గ్రంథం ‘ప్రోలెగోమెనా’ ఒలింపస్ రాజు జియస్ సింహాసనంతో మొదలుకాదు, ఏథెన్స్ పండగలతో మొదలవుతుంది.

ఆంథెస్టీరియా పండగను ఆమె విప్పిన తీరు చూడండి. చలికాలం చివర మూడు రోజులు. మొదటి రోజు కొత్త ద్రాక్షసారా జాడీల మూతలు తీస్తారు. రెండో రోజు ఎవరి కూజా వాళ్లది, ఎవరూ మాట్లాడకుండా తాగుతారు. పసిపిల్లలకూ బుల్లి కూజాలిస్తారు; పిల్లలు పాకుతూ, బండ్లు లాగుతూ ఆడుకునే బొమ్మలున్న అలాంటి కూజాలు మ్యూజియాల్లో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. పైకి ఇది డయోనిసస్ దేవుడి మద్యోత్సవం. మరి అదే పండగలో ఇంటి తలుపులకు తారు ఎందుకు పూస్తారు? పొద్దున్నే ముళ్లచెట్టు ఆకులు ఎందుకు నములుతారు? మూడో రోజు అన్ని గింజలూ కలిపి ఉడికించిన కుండను, చనిపోయినవాళ్లకు దారి చూపే హెర్మీస్‌కు పెట్టి, దాన్ని ఎవరూ ముట్టరెందుకు? చివర్లో, పండగ అయిపోయింది ఇక బయటికి నడవండి అని ఎవరిని తోలుతారు?

ప్రేతాలను, అంటుంది హారిసన్. జర్మనీలోని యేనాలో ఉన్న ఒక చిన్న నూనె సీసాను సాక్ష్యంగా పిలుస్తుంది. దాని మీద నేలలో పాతిన పెద్ద జాడీలోంచి రెక్కల ప్రాణాలు పైకి ఎగురుతుంటే, హెర్మీస్ కర్ర పట్టుకుని నిలబడి ఉంటాడు. అంటే తెరుచుకున్నది ద్రాక్షసారా జాడీ ఒక్కటే కాదు. బలుల్లోనూ ఆమెకు ఇలాంటి తేడాయే కనిపించింది. ఒలింపస్ దేవతలకిచ్చే బలిలో జనం మాంసం పంచుకు తింటారు. ‘ఇస్తున్నాం, ఇవ్వు’ అనే లెక్క. కిందిలోకం వాళ్లకిచ్చేది పూర్తిగా కాల్చేస్తారు. ‘ఇస్తున్నాం, వెళ్లిపో’ అనే లెక్క. ఊరి పొలిమేర దాకా అమ్మవారిని సాగనంపే మనవాళ్లకు ఈ రెండో లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ నిర్ధారణలన్నీ నిలబడలేదు. జాడీ వాదాన్ని చాలామంది ఒప్పుకోలేదు. 1912 నాటి ‘థెమిస్’లో ఏటేటా చచ్చి పుట్టే ఒక ‘సంవత్సర దైవం’ గ్రీకు నాటకం వెనకాల ఉన్నాడని ఆమె గట్టిగా చెప్పింది. దాన్ని తర్వాతి తరం దాదాపు పక్కన పెట్టేసింది. దొరికిన తాళంచెవితో అన్ని గదులూ తెరవబోయిందన్న విమర్శ న్యాయమైనదే. కానీ ఇవాళ గ్రీకు మతం చదివేవాళ్లు పండగతో, బలిపీఠంతో, మట్టిపాత్రతో మొదలుపెడుతున్నారంటే అందులో ఆమె చెయ్యి ఉంది.

ఆ దారి ఇప్పటి బడుల దాకా వచ్చింది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర చెప్పే ఎస్తర్ ఐడినో, వాయవ్య గ్రీసులోని దొడోనాలో జియస్ చేత సోదె చెప్పించుకునే క్షేత్రాన్ని వర్చువల్ రియాలిటీలో తిరిగి కట్టించారు. హెడ్‌సెట్ పెట్టుకున్న విద్యార్థి ప్రశ్న అడగడానికి వచ్చిన భక్తుడిగా అక్కడ అడుగుపెడతాడు. దొడోనాలో జనం తమ ప్రశ్నలను పలచని సీసపు రేకు మీద గీకి మడిచేవాళ్లు. అలాంటివి నాలుగు వేలకు పైగా 2013లో అచ్చయ్యాయి. దొడోనా రేకుల్లో హోమర్ పాడిన ట్రాయ్ యుద్ధం ఊసు లేదు. అన్నిలా అనే ఆమె కడుపులో బిడ్డ నాదేనా అని లిసానియాస్ అడిగాడు. గొర్రెలు పెంచితే గిట్టుబాటవుతుందా అని క్లెయోటాస్ అడిగాడు. వెండి దొంగిలించింది థోపియోనేనా అని ఇంకెవరో అడిగారు.

హెడ్‌సెట్లు అన్ని బడులకూ అందవు. హారిసన్‌కు ఉన్నవి లాంతరు, స్లైడ్లు, రెండు చెక్కబద్దలే. దొడోనా పాఠానికి అల్యూమినియం రేకు, మేకు ఉంటే చాలు. సీసం మాత్రం పిల్లల చేతికి ఇవ్వకూడదు. దేవుడిని ఒక్క వాక్యంలో ఏమడగాలో తేల్చుకుని, గీకి, పక్కవాడికి కనబడకుండా మడవమంటే, మిగతా పీరియడ్‌కు కావలసిన ప్రశ్నలు ఆ రేకుల్లోంచే వస్తాయి.